సర్కారు బడా, ప్రైవేటు స్కూలా? రెండు తెలుగు రాష్ట్రాల్లో చేర్చేముందు చూడాల్సినవి

ప్రైవేటు స్కూళ్లు జనవరి, ఫిబ్రవరిలోనే అడ్మిషన్లు మొదలుపెడతాయి. ప్రభుత్వ టీచర్లు బడిబాట పట్టి ఇంటింటికీ వచ్చేది జూన్‌లో. అప్పటికి చాలా ఇళ్లలో అడ్మిషన్ ఫీజు కట్టేసి ఉంటారు. రెంటినీ పోల్చి చూడకుండానే నిర్ణయం అయిపోతుంది. అందుకే బడి చూడటానికి ఫిబ్రవరి, మార్చి మంచి సమయం. పిల్లలు క్లాసుల్లో ఉంటారు, టీచర్లు పాఠం చెబుతూ కనిపిస్తారు. ఏప్రిల్ ఆఖరి వారానికి సెలవులిచ్చేస్తారు, ఆ తర్వాత చూడటానికి మిగిలేది గోడలూ రంగులే.

‘సర్కారు’, ‘ప్రైవేటు’ అనేవి రెండు రకాల బడులు కావు. సర్కారు వైపు ఊళ్లోని ప్రాథమిక పాఠశాల ఉంది, జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది, మోడల్ స్కూలు, కస్తూర్బా, గురుకులం, కేంద్రీయ విద్యాలయం, నవోదయ ఉన్నాయి. ప్రైవేటు వైపు ఇంటి మేడ మీద నడిచే చిన్న స్కూలు నుంచి కార్పొరేట్ బ్రాంచీ దాకా, పది ఎకరాల ఆటస్థలమున్న సీబీఎస్‌ఈ స్కూలు దాకా ఉన్నాయి. పోల్చాల్సింది మన ఇంటికి దగ్గర్లో, మన స్తోమతలో ఉన్న రెండు మూడు బడుల్ని. వాటిలో తేడా తేల్చేది బోర్డు మీది పేరు కాదు: ఒక్కో తరగతికి ఎంతమంది టీచర్లున్నారు, వాళ్లు ఎన్నేళ్లు నిలుస్తున్నారు అన్నదే.

ఒకటి నుంచి ఐదు దాకా

సర్కారు ప్రాథమిక బడి బలహీనత అంతా ఒక లెక్కలో ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు. అరవై మందికి ఇద్దరంటే నిష్పత్తి బాగానే కనిపిస్తుంది. కానీ తరగతులు ఐదు. ఒక టీచరు ఒకటి, రెండు చూసుకుంటే రెండో టీచరు మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టాలి. రోజుకు ఐదున్నర గంటలు పాఠాలనుకుంటే ఆ మూడు తరగతుల్లో ఒక్కోదానికి దక్కేది గంటా యాభై నిమిషాలు. మిగతా సమయమంతా ‘చూసి రాయండి’. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టిన రోజు ఐదు తరగతులూ ఒక్కరి మీదే. టీచరు ఎంత మంచివారైనా ఈ లెక్కను దాటలేరు.

కాబట్టి సర్కారు ప్రాథమిక బడికి వెళ్తే అడగాల్సిన మొదటి ప్రశ్న ‘పోస్టులు ఎన్ని?’ కాదు. ఇప్పుడు ఈ బడిలో పనిచేస్తున్నవాళ్లెందరు? డిప్యుటేషన్ మీద వేరే బడికి వెళ్లినవాళ్లెందరు? ఈ వేసవి బదిలీల్లో వెళ్లిపోయే అవకాశం ఎవరికుంది? దేశంలో ప్రతి బడికీ కేంద్రం నిర్వహించే బడుల జాబితాలో 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. యూడైస్ ప్లస్ పోర్టల్‌లో ఆ కోడ్ కొడితే బడి రిపోర్టు కార్డు వస్తుంది: పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య, తరగతి గదులు, మరుగుదొడ్లు అన్నీ ఉంటాయి. ప్రైవేటు స్కూళ్లవీ ఉంటాయి, అవీ చూడండి. ఆ అంకెలు గడిచిన ఏడాదివి కావచ్చు గనుక హెచ్‌ఎంను అడిగి సరిచూసుకోవాలి. తరగతికి ఒక టీచరు ఉన్న సర్కారు ప్రాథమిక బడి దగ్గర్లో దొరికితే ఇంకో ఆలోచన పెద్దగా అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 పునర్వ్యవస్థీకరణలో వచ్చిన మోడల్ ప్రైమరీ స్కూళ్ల ఉద్దేశమే అది, తరగతికో టీచరు. మీ మండలంలో అలాంటివి ఏవో మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో చెబుతారు.

ప్రైవేటులో ఈ చిక్కు తక్కువ. చిన్న స్కూళ్లలో కూడా ఎక్కువగా తరగతికో టీచరుంటారు. సర్కారు బడిని వదిలి జనం వెళ్లడానికి మొదటి కారణం ఇంగ్లిష్ మోజు అంటారు గానీ, తరగతికో మనిషి ఉండటం కూడా అంతే పెద్ద కారణం. కాకపోతే ఆ మనిషి ఏడాది తిరిగేసరికి ఉంటారా అన్నది వేరే ప్రశ్న. జీతం తక్కువ, పనిగంటలు ఎక్కువ. పెళ్లయినా, డీఎస్సీలో సర్కారు టీచరు ఉద్యోగం వచ్చినా, పక్క స్కూలు రెండు వేలు ఎక్కువిస్తానన్నా వెళ్లిపోతారు. అడగాల్సింది ఒకటే: ‘మూడో తరగతికి మూడేళ్లుగా లెక్కలు ఎవరు చెబుతున్నారు?’ మూడు పేర్లు వస్తే ఆ స్కూల్లో లెక్కలు చెప్పేది టీచరు కాదు, వర్క్‌బుక్. చట్టం ప్రకారం ప్రైవేటు టీచర్లకూ తరగతిని బట్టి డీఎడ్ లేదా బీఎడ్, టీచరు అర్హత పరీక్ష టెట్ ఉండాలి. ఎంతమందికి ఉన్నాయో అడిగితే తప్పు లేదు. జవాబు చెప్పడానికి ఇబ్బంది పడితే అదీ జవాబే.

బడి చూడటానికి మామూలు పనిదినాన పదకొండు గంటలప్పుడు వెళ్లండి. నోటుబుక్కులు నాలుగు అడిగి తిరగేయండి. మొదటి బెంచీ పిల్లలవి కాకుండా చివరి వరసవి. ఎర్రసిరా టిక్కు పెట్టి వదిలేశారా, తప్పు దగ్గర సరైనది రాయించారా? టిక్కు పక్కనే తప్పు లెక్క అలాగే ఉంటే ఎవరూ చదవలేదన్నమాట. ఈ పరీక్షలో రంగురంగుల డైరీలిచ్చే స్కూళ్లు కూడా తరచుగా దొరికిపోతాయి.

చదువు వస్తోందా లేదా: పది నిమిషాల పరీక్ష

ఏ బడైనా, మూడో తరగతి ముగిసేసరికి పిల్ల రెండో తరగతి స్థాయి కథను ఆగకుండా చదవాలి, 52లోంచి 27 తీసివేయడం వంటి అప్పు తెచ్చుకునే తీసివేత చేయాలి. ఐదో తరగతి ముగిసేసరికి మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించాలి, 847ని 6తో భాగిస్తే భాగఫలం 141, శేషం 1 అని చెప్పాలి. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేల్లో గ్రామీణ పిల్లలకు పెట్టేది దాదాపు ఇదే. చదివించేటప్పుడు వాళ్ల పాఠ్యపుస్తకం వాడొద్దు, కంఠతా వచ్చి ఉంటుంది. ఇంగ్లిష్ అయితే పేరా చివరి వాక్యం నుంచి మాటల్ని వెనక్కి చదివించండి. అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్ల ఎటునుంచైనా చదువుతుంది, బట్టీ పట్టిన పిల్ల రెండో మాటకే ఆగిపోతుంది.

ఇక్కడ మన నేల మీదే జరిగిన ఒక పెద్ద ప్రయోగం గురించి చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో, సర్కారు బడి పిల్లల్లో కొందరికి లాటరీ తీసి ప్రైవేటు స్కూల్లో చదవడానికి వోచర్లు ఇచ్చారు. లాటరీ తగిలినవాళ్లనూ తగలనివాళ్లనూ నాలుగేళ్ల తర్వాత పోల్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఫలితాలను 2015లో ప్రచురించారు. తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకు వెళ్లినవాళ్లు ముందున్నారు, ఎందుకంటే చాలా సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పరు. ఇది చూపించి ‘ప్రైవేటు దండగ’ అనేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. ప్రైవేటు స్కూళ్లు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి కూడా అదే ఫలితం తెచ్చాయి, పైగా పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు పెట్టేదాంట్లో మూడో వంతు కూడా లేదు. ‘సర్కారు దండగ’ అనేవాళ్లేమో మొదటి ముక్కను దాటేస్తారు: తల్లిదండ్రులు డబ్బు కట్టేది తెలుగు, లెక్కలు మెరుగుపడతాయన్న నమ్మకంతోనైతే, అది జరగలేదు. ఇవి పల్లెటూళ్ల చిన్న స్కూళ్ల ఫలితాలు, పట్నంలోని పెద్ద స్కూళ్లకు వీటిని అంటగట్టకూడదు.

ఎల్‌కేజీ దగ్గరే అసలు మలుపు

సర్కారు బడి ఎక్కువగా ఒకటో తరగతితో మొదలవుతుంది. అంతకుముందు ఉండేది అంగన్‌వాడీ. ప్రీ ప్రైమరీ కొన్ని సర్కారు బడుల్లో మాత్రమే ఉంది. దాంతో మూడున్నరేళ్ల పిల్లను ఎల్‌కేజీ కోసం ప్రైవేటులో వేస్తారు, తర్వాత అక్కడే కొనసాగిస్తారు. ఎల్‌కేజీకి ఎంచుకున్న స్కూలు పదో తరగతికి కూడా మంచిదే అయ్యుండాలని ఏమీ లేదు. ఒకటో తరగతికి, ఆరో తరగతికి రెండుసార్లు మళ్లీ లెక్క వేసుకోవడం మంచిది.

చేర్చుకునేటప్పుడు పిల్లకు పరీక్ష పెట్టినా, తల్లిదండ్రుల్ని ఇంటర్వ్యూ చేసినా విద్యా హక్కు చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం నేరమే. మొదటిసారి 25 వేల దాకా, ఆపైన ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. డొనేషన్ తీసుకుంటే తీసుకున్నదానికి పది రెట్ల దాకా. నాలుగేళ్ల పిల్లను ‘ఏ ఫర్’ అడిగే స్కూలు చట్టాన్ని చదవలేదనైనా అనుకోవాలి, చదివి పక్కన పెట్టిందనైనా అనుకోవాలి.

ఆరు నుంచి పది: ఇక్కడ త్రాసు సర్కారు వైపు మొగ్గుతుంది

మనవాళ్లు ప్రాథమిక తరగతులకు డబ్బు పెట్టి, స్తోమత చాలక ఎనిమిదికో తొమ్మిదికో సర్కారు హైస్కూలుకు మారుస్తుంటారు. కొందరు దీన్ని ఓటమిలా చూస్తారు. నిజానికి పోస్టులు నిండిన జిల్లా పరిషత్ హైస్కూలు బడ్జెట్ ప్రైవేటు హైస్కూలు కంటే చాలాసార్లు మెరుగు. సబ్జెక్టుకో స్కూల్ అసిస్టెంటు ఉంటారు: డిగ్రీలో ఆ సబ్జెక్టు, బీఎడ్, డీఎస్సీ. ఫిజిక్స్ చెప్పే మనిషికి ఫిజిక్స్ వచ్చి ఉంటుంది. చిన్న ప్రైవేటు హైస్కూల్లో ఒకే మనిషి ఎనిమిదికి బయాలజీ, తొమ్మిదికి సోషల్ చెబుతుండటం అరుదేమీ కాదు.

‘పోస్టులు నిండిన’ అన్న మాటే కీలకం. మ్యాథ్స్, ఫిజికల్ సైన్స్, ఇంగ్లిష్, ఈ మూడింట్లో ఏది ఖాళీ ఉన్నా ఆ ఏడాది కష్టమే. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు జరిగాయి గనుక అంతకుముందటి అభిప్రాయంతో ఇవాళ్టి బడిని కొట్టిపారేయొద్దు. మళ్లీ వెళ్లి అడగండి.

సర్కారు బడులకు ఇంకో రోగం ఉంది: బోధనేతర పనులు. చట్టంలోని 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలకు మాత్రమే టీచర్లను వాడుకోనిస్తుంది. ఆచరణలో ఫొటోలు అప్‌లోడ్ చేయడం, యాప్‌లలో హాజరు, సర్వేలు అన్నీ వాళ్ల మీదే. 2024 నవంబరులో తెలంగాణ కులగణనకు ప్రాథమిక టీచర్లను దింపి, బడులను ఒంటిపూట నడిపారు. స్థానిక ఎన్నికలున్న ఏడాది పదో తరగతి పిల్లల ఇంట్లో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రైవేటు హైస్కూల్లో అడగాల్సింది టైంటేబుల్. ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ ఫౌండేషన్’ పెట్టే చోట వారంలో తెలుగుకు ఎన్ని పీరియడ్లు, ఆటలకు ఎన్ని అన్నది చూడండి. ఫౌండేషన్ పుస్తకం అందుకోగలిగేది సెక్షన్‌లో కొద్దిమందే. మిగతావాళ్లకు ఫౌండేషనూ రాదు, స్కూలు సిలబస్ పూర్తిగానూ అందదు. పిల్లల్ని మార్కుల్ని బట్టి సెక్షన్లుగా విడగొట్టి, బాగా చెప్పే టీచర్లను పై సెక్షన్‌కే పంపడం ఈ పద్ధతిలో సహజంగా వచ్చే జబ్బు. ‘కింది సెక్షన్‌కు లెక్కలు ఎవరు చెబుతారు?’ అని అడిగి, కుదిరితే ఆయనతోనే మాట్లాడండి.

బోర్డు మీద రాసింది, కాగితాల్లో ఉన్నది

టెక్నో, ఈ-టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్, ఇంటర్నేషనల్: వీటిలో ఏదీ పరీక్షల బోర్డు కాదు. వీటిలో చాలావాటికి ఉన్నది రాష్ట్ర గుర్తింపే. అందులో తప్పేం లేదు, దాచడంలోనే ఉంది. ‘సీబీఎస్‌ఈ కరిక్యులమ్’ అని రాసి ఉంటే అఫిలియేషన్ (అనుబంధ) నంబరు అడిగి సీబీఎస్‌ఈ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. అనుబంధమున్న ప్రతి స్కూలూ తన వెబ్‌సైట్‌లో ‘మాండేటరీ పబ్లిక్ డిస్‌క్లోజర్’ పేజీ పెట్టాలి: ఫీజులు, టీచర్ల సంఖ్య, ఫైర్ సేఫ్టీ, భవన భద్రత సర్టిఫికెట్లు అందులో ఉంటాయి. ఆ పేజీ ఖాళీగా ఉన్నా, లింకులు తెరుచుకోకపోయినా ఫీజు కట్టే ముందు ఆగండి. అనుబంధం లేకుండా నడిపితే తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ దగ్గర గుట్టు బయటపడుతుంది. పిల్లల పేర్లు ఇంకో స్కూలు మీద నమోదు చేస్తారు, పదో తరగతి మెమో మీద ఎన్నడూ చూడని స్కూలు పేరు వస్తుంది.

రాష్ట్ర గుర్తింపు కూడా తరగతుల వారీగా ఉంటుంది. ఐదు దాకా గుర్తింపు తెచ్చుకుని ఏడు దాకా నడిపేవాళ్లుంటారు. ఇది నవోదయ ఆశించేవాళ్లకు మరీ ముఖ్యం. ఆరో తరగతి ప్రవేశ పరీక్షకు మూడు, నాలుగు, ఐదు తరగతులు సర్కారు లేదా గుర్తింపు ఉన్న బడిలో పూర్తిగా చదివి ఉండాలి, కనీసం 75 శాతం సీట్లున్న గ్రామీణ కోటాకు ఆ మూడేళ్లూ గ్రామీణ ప్రాంతంలోనే చదివి ఉండాలి. పరీక్ష తెలుగులో రాయొచ్చు: రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు, అందులో సగం మార్కులు మెంటల్ ఎబిలిటీకి. సీటొస్తే పన్నెండు దాకా చదువు, తిండి, బస సర్కారువే. సర్కారు వైపు ఉన్నవాటన్నింట్లో చదువుకు సంబంధించి మా మొదటి ఓటు దానికే. గురుకులాల్లో ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. చదువుతో పాటు హాస్టల్ వంటగది, మంచినీళ్లు, వార్డెన్ రాత్రి ఉంటారా లేదా అన్నవి చూశాకే చేర్చాలి.

ఇంగ్లిష్ మీడియం

ఇప్పుడు రెండు వైపులా ఎక్కువగా ఇంగ్లిష్ మీడియమే. సర్కారు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటాయి. ప్రాథమిక, మాధ్యమిక తరగతుల పిల్లలకు ఇంతకంటే ఉపయోగపడే పుస్తకం ప్రైవేటులో దొరకదు. పాఠం అర్థమయ్యేది ఎడమ పేజీలోనో కుడి పేజీలోనో, పరీక్షకు రాసేది రెండో దాంట్లో. ప్రైవేటులో చదివించేవాళ్లు కూడా సైన్స్, సోషల్‌కు ఇవి తెచ్చుకుని ఇంట్లో పెట్టుకోవచ్చు. ప్రైవేటు వైపు పిల్లలకు మాట్లాడే ఇంగ్లిష్ కొంత త్వరగా వస్తుంది. ప్రశ్న, జవాబు బట్టీ పట్టించే చోట అది కూడా రాదు.

డబ్బు లెక్క

ఫీజు చూసేటప్పుడు ఈ ఏడాదిది కాదు, పదో తరగతి దాకా మొత్తం చూడాలి. ఎల్‌కేజీలో 40 వేలు, ఏటా పది శాతం పెంపు అనుకోండి. పదో తరగతి ఏడాదికి అది దాదాపు 1,14,000 అవుతుంది. పన్నెండేళ్ల మొత్తం సుమారు 8,55,000. ఇందులో బస్సు, పుస్తకాలు, యూనిఫాం, ట్యూషన్ కలపలేదు. ఇద్దరు పిల్లలుంటే రెట్టింపు. అందుకని కౌంటర్లో అడగాల్సింది ‘ఫీజెంత?’ అని కాదు. ‘ఇప్పుడు ఐదో తరగతికి, పదో తరగతికి ఎంత తీసుకుంటున్నారు? గత మూడేళ్లలో ఏటా ఎంత పెంచారు? అడ్మిషన్ ఫీజు తిరిగిస్తారా?’ అని. జవాబు కాగితం మీద తీసుకోండి.

రాష్ట్ర సర్కారు బడిలో ఫీజు లేదు. పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. ట్యూషన్, దూరముంటే ఆటో ఖర్చు మాత్రం వేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం పథకం సర్కారు, ప్రైవేటు పిల్లలిద్దరికీ వర్తిస్తుంది. 2025లో 15 వేలలో రెండు వేలు బడి నిర్వహణకు మినహాయించి 13 వేలు తల్లి ఖాతాలో వేశారు. కాబట్టి ఆ డబ్బు ఏ వైపూ మొగ్గు చూపించదు. మొగ్గు చూపించేవి వేరే ఉన్నాయి. స్కాలర్‌షిప్ కోసం ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలకు లోబడి ఉండాలి. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏటా 12 వేలు. ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో సర్కారు బడి పిల్లలకు అదనపు స్కోరు కలుపుతారు.

ప్రైవేటులో ఉచిత సీటు కూడా ఒక దారి. చట్టంలోని 12(1)(సి) ప్రకారం 25 శాతం సీట్లు బలహీన వర్గాలకివ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి ఒకటో తరగతికి ఆన్‌లైన్లో దరఖాస్తులు తీసుకుంటున్నారు. ముందు కిలోమీటరు లోపు ఇళ్లకు, తర్వాత మూడు కిలోమీటర్ల లోపువాళ్లకు ప్రాధాన్యం, లాటరీతో కేటాయింపు. సీటొచ్చాక బస్సు, పుస్తకాల పేరుతో ఎంత అడుగుతారో ముందే కనుక్కోండి, పేచీలు ఎక్కువగా అక్కడే వస్తాయి.

మార్చాల్సి వస్తే

ప్రైవేటు నుంచి సర్కారుకు మార్చేటప్పుడు అడ్డుపడేది టీసీ. ఫీజు బాకీ ఉందని ఇవ్వరు. ఎనిమిదో తరగతి దాకా విద్యా హక్కు చట్టంలోని ఐదో సెక్షన్ మీ పక్షాన ఉంది: సర్కారు లేదా ఎయిడెడ్ బడికి మారే పిల్లలకు హెచ్‌ఎం వెంటనే టీసీ ఇవ్వాలి, అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. సర్కారు నుంచి ప్రైవేటుకు మారితే ఈ సెక్షన్ పనికిరాదు.

టీసీ వచ్చినా పని అయిపోదు. పాత బడి యూడైస్‌లో పిల్ల పేరును డ్రాప్‌బాక్స్‌లోకి వదిలితేనే కొత్త బడి తన జాబితాలోకి తెచ్చుకోగలదు. టీసీ తీసుకున్న రోజే ‘ఆన్‌లైన్లో వదిలారా?’ అని అడిగి, పిల్లకు ఇచ్చిన శాశ్వత విద్యా సంఖ్య (పెన్ నంబరు) రాయించుకోండి. ఈ పని వదిలేస్తే కొత్త బడిలో కూర్చుంటున్నా పిల్ల పాత బడి లెక్కల్లోనే ఉంటుంది. కిట్టు రాదు, పథకాల డబ్బు ఆగుతుంది.

ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ టీసీలోనూ ఒకేలా ఉన్నాయో చూసుకోండి. పదో తరగతి మెమోలోకి వచ్చేది బడి రికార్డులో ఉన్నదే, మెమో వచ్చాక మార్పించడం పెద్ద తతంగం. ఒకటి నుంచి పది దాకా ఏ ఏడాది ఏ బడిలో చదివిందో స్టడీ సర్టిఫికెట్లు తీసి ఉంచండి. తెలంగాణలో ఒకటి నుంచి ఏడు తరగతుల్లో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టే ఉద్యోగాల్లో స్థానికత తేలుస్తారు. చిన్న ప్రైవేటు స్కూలు మూతపడితే ఆ కాగితం కోసం ఎంఈవో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది, కాబట్టి స్కూలు నడుస్తుండగానే తీసుకోండి.